'నేను' – 'మేము' – 'మనము'
సంస్కృతులలో వ్యక్తికిని సంఘమునకును గల స్థానము

తిరుచానూరులో పద్మావతీ అమ్మవారి కార్తీక బ్రహ్మోత్సవములు ముగియు దినమున పంచమీ తీర్థము జరుగును. ఆనాడు తిరుమల కొండనుండి పసుపు, కుంకుమ, పట్టుచీర మొదలగు సారె ఊరేగింపుగా దిగివచ్చును. పద్మసరోవరమున చక్రస్నానము జరుగు వేళ, మెట్లపై కిక్కిరిసి నిలిచిన జనులందరును ఒక్కమారుగా మునుగుదురు. ఎవరి మ్రొక్కు వారిది. ఎవరి పుణ్యము వారిది. ఐనను మునుగవలసిన క్షణమును మాత్రము ఎవరికి వారు నిర్ణయించుకొనరు. నలుగురితో కలిసి మునుగుటయే అక్కడి ఆనవాయితీ.

ఆ మెట్లమీద నిలిచిన ఒక బాలుని "ఎవరబ్బాయి నీవు?" అని పెద్దలు అడుగుదురు. ఊరి పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు చెప్పినగాని ఆ ప్రశ్నకు జవాబు పూర్తికాదు. పశ్చిమ దేశములలో క్రొత్తవాడైన బాలుని పలుకరించువారు చాలవరకు "నీ పేరేమి? నీకేమి ఇష్టము?" అని అడుగుదురు. ఒక ప్రశ్న మనుష్యుని అతని బంధములలో చూచుచున్నది. రెండవది అతనిని విడిగా నిలిపి చూచుచున్నది.

ఇందులో ఏది మంచిది, ఏది చెడ్డది అని తీర్పు చెప్పుట విజ్ఞానశాస్త్రము పని కాదు. ఈ భేదము నిజముగా కలదా? కలదన్నచో దానిని కొలుచుట ఎట్లు? అది ఏ కారణములవలన ఏర్పడినది? అది మారునా? ఇవియే శాస్త్రజ్ఞులు వేసికొన్న ప్రశ్నలు. వీనికి దొరికిన జవాబులలో కొన్ని మన రాయలసీమ పొలములనుండియే వచ్చినవి.

రెండు మాటల అర్థము

వ్యక్తి తన ఇష్టానిష్టములను, తన ఆశయములను ముందుంచుకొని, తాను చేరిన కూటమిని తన ఇచ్చచొప్పున ఎన్నుకొను సంస్కృతిని వ్యష్టిప్రధాన సంస్కృతి అందురు. కుటుంబము, కులము, గ్రామము వంటి కూటమిలో తన స్థానమును, ఆ స్థానమునకు తగిన బాధ్యతలను ముందుంచుకొను సంస్కృతిని సమష్టిప్రధాన సంస్కృతి అందురు.

ఇక్కడ రెండు పొరపాట్లు తరచుగా జరుగుచుండును. వ్యష్టిప్రధానమనగా స్వార్థమని తలచుట మొదటి పొరపాటు. తన ఇష్టముచే తెలియనివారికి రక్తదానము చేయువాడు కూడ వ్యష్టిభావము గలవాడే కావచ్చును. సమష్టిప్రధానమనగా అందరిపైనను సమానమైన ప్రేమ అని తలచుట రెండవ పొరపాటు. సమష్టికి ఒక హద్దు ఉండును. ఆ హద్దు లోపలివారు 'మనవారు'; వెలుపలివారు 'పరాయివారు'. లోపలివారికొరకు ఎంతటి త్యాగమైనను చేయు మనుష్యుడు వెలుపలివారిపట్ల ఉదాసీనుడుగా ఉండవచ్చును.

మన భాషయే ఈ హద్దును చక్కగా చూపుచున్నది. ఇంగ్లీషులో ఒకే మాటతో చెప్పు భావమునకు తెలుగులో రెండు మాటలు కలవు. వినువానిని కలుపుకొన్నచో 'మనము'. వానిని విడిచిపెట్టినచో 'మేము'. "మన చెరువు" అన్నచో వినువానికి అందులో పాలు కలదు. "మా చెరువు" అన్నచో లేదు. ఈ భేదము తమిళము, మలయాళము మొదలగు తోడి ద్రావిడ భాషలందును కలదు. అట్లే బంధుత్వపు మాటలు చూడుడు. ఇంగ్లీషున ఒక్క 'అంకుల్' అనుమాటతో సరిపుచ్చువారిని మనము పెదనాన్న, చిన్నాన్న, మేనమామ, మామ అని విడదీసి పిలుతుము. పేరు వ్రాయునపుడు ఇంటిపేరు ముందు వచ్చును. వాని సొంత పేరు తరువాత వచ్చును. భాష చూచి మనస్సును నిర్ణయించుట తొందరపాటే అగును. ఐనను ఏ భేదములను ఒక సంఘము ముఖ్యముగా ఎంచుకొన్నదో దాని మాటలు తెలుపును.

కొలత ఎట్లు?

ఈ భేదమును అంకెలలో పెట్టిన ప్రయత్నములలో మిక్కిలి ప్రసిద్ధమైనది డచ్చి శాస్త్రజ్ఞుడు గీర్ట్ హోఫ్‌స్టెడె చేసినది. ఐ.బి.ఎం. అను కంపెనీకి అనేక దేశములలో ఉద్యోగులు ఉండిరి. 1967 నుండి 1973 వరకు ఆ ఉద్యోగులచే నింపించిన 1,16,000 ప్రశ్నపత్రములను ఆయన పరిశీలించి, 1980లో ఫలితములను గ్రంథముగా ప్రకటించెను. వ్యష్టిభావమునకు ఆయన ఇచ్చిన కొలతలో అమెరికాకు 91, బ్రిటనుకు 89 వచ్చినవి. వెనిజులాకు 12, పాకిస్తానుకు 14 వచ్చినవి. భారతదేశమునకు వచ్చినది 48, జపానుకు 46. అనగా మన దేశము ఒక కొనయందు గాక, నడుమ నిలిచినది.

ఈ అంకెలను వాడుటలో జాగ్రత్త కావలెను. ఒక తరగతిలోని బాలుర సగటు ఎత్తు మరియొక తరగతి సగటుకన్న ఎక్కువ కావచ్చును. అంతమాత్రమున మొదటి తరగతిలోని ప్రతి బాలుడును రెండవ తరగతిలోని ప్రతి బాలునికన్న పొడవరి కాడు. దేశపు సగటును చూచి ఒక మనుష్యుని స్వభావమును చెప్పుట అట్టి తప్పే. పైగా ఇది ఒకే కంపెనీలోని ఉద్యోగుల లెక్క; అందు రైతులు లేరు, కూలీలు లేరు. 2002లో డాఫ్నా ఓయ్‌జర్‌మన్, ఆమె సహచరులు అప్పటివరకు జరిగిన అనేక పరిశోధనలను కలిపి చూచినపుడు, దేశములమధ్య భేదములు కలవుగాని అవి జనులు అనుకొన్నంత పెద్దవి కావనియు, జపానువారు అమెరికావారికన్న సమష్టిభావమున మించినవారని గట్టిగా చెప్పుటకు వీలులేదనియు తేలెను.

ప్రశ్నపత్రములతో గాక కథలతో చేసిన పరీక్ష ఒకటి కలదు. జోన్ మిల్లర్ అను పరిశోధకురాలు అమెరికాలోని షికాగో నగరవాసులను, మన దక్షిణదేశమున మైసూరులోని హిందువులను పోల్చి 1984లో ఫలితములను ప్రకటించెను. ఆమె వినిపించిన కథలలో ఒకదాని సారాంశమిది: ఒక వకీలు మోటారుసైకిలుమీద మరియొకనిని ఎక్కించుకొని కోర్టుకు పోవుచుండగా వెనుక చక్రము పగిలెను. వెనుక కూర్చున్నవాడు పడి తలకు దెబ్బ తగిలించుకొనెను. వకీలు అతనిని ఆసుపత్రిలో విడిచి కోర్టు పనికి వెళ్ళిపోయెను. గాయపడినవాడు తుదకు మరణించెను. వకీలు ఎందుకట్లు చేసెనని అడిగినపుడు, అమెరికాలోని పెద్దలు ఎక్కువగా అతని స్వభావమును కారణముగా చెప్పిరి. మైసూరు పెద్దలు ఎక్కువగా అతని పరిస్థితిని, కోర్టులో అతనికి గల కర్తవ్యమును, ఆసుపత్రిలోని సందర్భమును ఎత్తి చూపిరి. అన్నిటికన్న గమనింపదగిన విషయము మరియొకటి. ఎనిమిదేండ్ల పిల్లలలో ఈ భేదము దాదాపు లేదు. వయస్సు పెరిగినకొలది అది పెరిగెను. కావున ఇది పుట్టుకతో వచ్చునది కాదు. పెరిగిన ఇల్లు, వీధి, బడి నేర్పునది.

కారణములు: వరి, గోధుమ

ఇట్టి భేదము ఏల ఏర్పడును? ధనము పెరిగినకొలది మనుష్యుడు ఇతరులపై ఆధారపడుట తగ్గుననియు, నగర జీవనము కూటమి పట్టును సడలించుననియు కొందరు చెప్పుదురు. ఇది కొంతవరకు నిజము. ఐనను జపాను వంటి సంపన్న దేశమునకు ఈ వివరణ చాలదు.

2014లో థామస్ టాల్‌హెల్మ్, అతని సహచరులు వేరొక కారణమును ముందుంచిరి. చీనా దేశమున ఉత్తరభాగమున గోధుమ, దక్షిణభాగమున వరి అనాదిగా పండించుచున్నారు. రెండు ప్రాంతములవారిదియు ఒకే జాతి, ఒకే ప్రభుత్వము. గోధుమ వానమీద పండును. ఒక కుటుంబము తన పని తాను చూచుకొనవచ్చును. వరి మడికి నిలువ నీరు కావలెను. ఆ నీరు కాలువలద్వారా ఒకరి మడినుండి మరియొకరి మడికి పారవలెను. నాట్లు వేయుట, కోతలు కోయుట కొలది దినములలో ముగియవలెను గనుక బదులు పనులు తప్పవు. వరి పండించుటకు ఇరుగుపొరుగువారితో సర్దుకొనక తప్పదు.

ఈ ఊహను పరీక్షించుటకు వారు 1,162 మంది చీనా విద్యార్థులకు చిన్న చిక్కుప్రశ్నలు ఇచ్చిరి. రైలు, బస్సు, రైలుపట్టాలు – ఈ మూడింటిలో ఏ రెండు జత? రైలు, బస్సు రెండును వాహనములు గనుక జత అనువారు వస్తువులను జాతినిబట్టి విడదీయువారు. రైలు పట్టాలమీద పోవును గనుక అవి జత అనువారు సంబంధమునుబట్టి కలుపువారు. వరి ప్రాంతపు విద్యార్థులు సంబంధమునుబట్టి ఎక్కువగా జతపరచిరి. వీరిలో చాలమంది ఎన్నడును మడిలో దిగినవారు కారు. అనగా పొలమునుండి పుట్టిన అలవాటు పొలము విడిచినవారి పిల్లలలోను నిలిచి ఉండుననుట. ఈ సిద్ధాంతముపై విమర్శలును వచ్చినవి. 2024లో టాల్‌హెల్మ్, మరియొక శాస్త్రజ్ఞుడు కలిసి, ఒకే ప్రాంతమున ప్రభుత్వము కొందరిని వరి క్షేత్రములకును, కొందరిని గోధుమ క్షేత్రములకును పంపిన సందర్భమును పరిశీలించి, అచ్చటను అట్టి భేదమే కనబడెనని ప్రకటించిరి.

చెరువు నేర్పిన సమష్టి

రాయలసీమ వానలు తక్కువైన దేశము. స్వర్ణముఖి వంటి నదులు ఏడాదిలో చాల నెలలు ఇసుకమేటలుగానే ఉండును. ఐనను ఇక్కడ వరి పండినది. కారణము చెరువులు. ఒక చెరువు అలుగు పారిన నీరు క్రింది చెరువును నింపునట్లు గొలుసుగా కట్టిన చెరువులు అనేకము కలవు.

కడప జిల్లాలోని పోరుమామిళ్ళ చెరువు శాసనము 1369వ సంవత్సరమునాటిది. బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు ఆ చెరువు త్రవ్వించెను. దినమునకు వేయిమంది పనివారు, రాళ్ళు మోయుటకు నూరు బండ్లు, రెండు సంవత్సరముల కాలము పట్టినవని అందు చెప్పబడినది. మంచి చెరువునకు 12 అంగములు, చెడ్డ చెరువునకు ఆరు దోషములు ఉండునని కూడ అందే కలదు. త్రవ్వించినవాడు ఒక్కడు, కీర్తియు పుణ్యమును ఆయనవి. నీరు మాత్రము ఆయకట్టు రైతులందరిది.

త్రవ్వించుటతో పని ముగియదు. పూడిక తీయవలెను, కట్టకు గండి పడకుండ చూడవలెను, తూము ఎప్పుడు ఎత్తవలెనో, ఎప్పుడు దించవలెనో తెలిసినవాడు కావలెను. చెరువును కాపాడువారికి దశబంధము అను పేర మాన్యములిచ్చు పద్ధతి ఈ సీమలో ఉండెను. నీరు పంచు పని నీరుగంటిది. ఆయకట్టు రైతు తానై తూము ముట్టరాదు. నీరుగంటికి కూలి కళ్ళములోని ధాన్యముననే అందుచుండెను గనుక, చివరి మడి ఎండినచో అతనికిని నష్టమే. ధర్మబోధచే గాక, ఇట్టి కట్టుబాటుచే ఆ సమష్టి నడిచెను.

తిరుపతి దేవాలయపు శాసనములు ఇంకొక సంగతి తెలుపుచున్నవి. విజయనగర కాలమున భక్తులిచ్చిన ధనమును దేవాలయమువారు తమ గ్రామములలో చెరువులు, కాలువలు త్రవ్వించుటకు వినియోగించిరి. దానివలన పెరిగిన పంటతో నైవేద్యము జరిగెను. ఆ ప్రసాదములో ఒక పాలు దాతకు చెందెను. 1960లో బర్టన్ స్టైన్ అను చరిత్రకారుడు దీనిని విపులముగా చర్చించెను. వ్యక్తి పేరు నిలిచెను. ఊరి పంట పెరిగెను. వ్యష్టియు సమష్టియు ఒకదానికొకటి శత్రువులు కానక్కరలేదని ఈ ఏర్పాటు చూపుచున్నది.

ఐతే సమష్టి అన్నచో అన్నియు సవ్యముగా జరుగునని అనుకొనరాదు. రాజేంద్ర చోళుని కాలమునాటి తిరుమల శాసనమొకటి చూడుడు. తిరుముండియము అను గ్రామసభవారు స్వామికి 24 దీపములు వెలిగించుటకై బంగారము తీసికొనియుండిరి. రాజోద్యోగి విచారింపగా వారు రెండు దీపములు మాత్రమే వెలిగించుచున్నట్లు తేలెను. ఆ ధనమును దేవాలయ భండారమునకు చేర్చి అచ్చటినుండి దీపములు నడుపవలెనని అతడు కట్టడి చేసెను. పదిమంది బాధ్యత ఎవరి బాధ్యతయు కాకపోవుట వేయి సంవత్సరముల క్రిందను కలదన్నమాట. దానిని కనిపెట్టినది విచారణ, లెక్క.

ఒకే భాష, ఒకే పంట – ఐనను భేదము

ఇప్పుడు ముఖ్యమైన ప్రశ్నకు వచ్చుదము. సమష్టిభావము జాతి లక్షణమైనచో, ఒకే జాతి, ఒకే భాష గల ఊళ్ళన్నియు ఒకే రీతిగా ఉండవలెను గదా! అట్లున్నవా?

రాబర్ట్ వేడ్ అను పరిశోధకుడు కర్నూలు జిల్లాలో కాలువ క్రింది గ్రామములను పరిశీలించి 1988లో ఒక గ్రంథము వెలువరించెను. కొన్ని గ్రామములలో రైతులు తమంతట తాము ఒక సభ ఏర్పరచుకొనిరి. ఊరందరి తరఫున నీరు పంచుటకు మనుష్యులను, పంటలు కాపాడుటకు కావలివారిని జీతమిచ్చి పెట్టుకొనిరి. కోతలైన పిమ్మట పొలములలో గొఱ్ఱెల మందలు మేయుటకు హక్కును వేలము వేసి ఊరి ఉమ్మడి నిధిని సమకూర్చుకొనిరి. ప్రభుత్వము ఈ సభలను పెట్టలేదు. ఏ చట్టమును వీనిని గుర్తింపలేదు. ఐనను ఏటేట నడిచినవి.

కొన్ని మైళ్ళ దూరముననే, ఇట్టి సభ బొత్తిగా లేని గ్రామములును ఉండెను. భాష అదే, దేవుళ్ళు వారే, కులములు అవే. భేదమెక్కడ? కాలువ మొదట ఉన్న ఊళ్ళకు నీరు ధారాళముగా వచ్చును. అక్కడ సభ లేదు. కాలువ చివరనున్న ఊళ్ళకు నీరు చాలీచాలక వచ్చును. ఒకరు ఎక్కువ పట్టుకొన్నచో మరియొకరి పంట ఎండును, కలహములు రేగును. సభ పుట్టినది ఎక్కువగా అట్టి ఊళ్ళలోనే. కలసి పనిచేయకున్న నష్టము పెద్దదైనపుడు, కలసినందువలన ఫలము ప్రతి ఇంటికిని కనబడినపుడు జనులు కలసిరి. లేనిచో ఎవరి దారి వారిది.

దీనివలన మనకు తెలియునది ఒక పెద్ద సత్యము. సమష్టిభావము రక్తములోనిది కాదు. అది ఒక సమస్యకు జనులు కనిపెట్టిన పరిష్కారము. సమస్య మారినచో అదియు మారును.

బోరుబావి తెచ్చిన మార్పు

సమస్య మారినది. విద్యుత్తు వచ్చినది, బావికి మోటారు వచ్చినది, తరువాత బోరు వచ్చినది. తన పొలములో తన బోరు గల రైతుకు తూము ఎప్పుడు ఎత్తుదురను చింత లేదు. నీరుగంటితో పని లేదు. పూడిక తీయుటకు పోవలసిన అవసరము లేదు. మీట నొక్కినచో నీరు. ఇది అతనికి నిజమైన స్వాతంత్ర్యము. పెద్ద రైతు దయపై, ఊరి పెద్దల మాటపై ఆధారపడిన చిన్న రైతునకు తన బోరు తలయెత్తుకొను ధైర్యమునిచ్చెను. దానిని తక్కువగా చూడరాదు.

కాని భూమి అడుగున హద్దురాళ్ళు లేవు. చిత్తూరు, అనంతపురము ప్రాంతములది గట్టి నల్లరాతి నేల. నీరు ఆ రాతిపైన శిథిలమైన పొరలోను, రాతి పగుళ్ళలోను మాత్రమే నిలుచును. ఆ పగుళ్ళు ఒక పొలమునుండి మరియొక పొలమునకు వ్యాపించి ఉండును. ఒకడు లోతుగా దించినచో పొరుగువాని నీటిమట్టము దిగును. అతడును అప్పుచేసి మరికొంత లోతునకు దించును. ఇద్దరును అప్పులపాలగుదురు; నీరు పెరుగదు. వందల అడుగులు దించియు నీరు పడక, అప్పు మిగిలిన కుటుంబములు ఈ సీమలో లెక్కకు మిక్కిలి. పైకి వ్యష్టిగా కనబడు బోరు, అడుగున సమష్టి చెరువే. చెరువును కన్నులతో చూడవచ్చును; దీనిని చూడలేము. అదియే చిక్కు.

చూడలేనిదానిని కొలిచి చూపినచో ఏమగును? ఈ ప్రశ్నకు ఆంధ్రదేశముననే ఒక ప్రయోగము జరిగెను. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, చిత్తూరు, అనంతపురము, కడప, కర్నూలు మొదలగు ఏడు కరవు జిల్లాలలో, 2003 ప్రాంతమున ఆరంభమై కొన్ని ఏండ్లు రైతులే నడిపిన భూగర్భజల పథకమది. రైతులే వానను కొలిచిరి. ఎంపిక చేసిన బావులలో నీటిమట్టమును కొలిచి వ్రాసిరి. రబీ పంటకు ముందు అందరును కూడి ఆ ఏటి నీటి జమాఖర్చులు వేసిరి. జమ ఇంత; అందరును వరి వేసినచో ఖర్చు ఇంత; లోటు ఇంత. అంతటితో సభ ముగిసెను. ఫలానా పంట వేయవలదని ఎవరును శాసింపలేదు. నిర్ణయము ఎవరి ఇంట వారిది. ఐనను చాలచోట్ల రైతులు వరి తగ్గించి తక్కువ నీటి పంటలకు మరలిరి. లెక్క అందరిది; నిర్ణయము ఎవరికి వారిది. రెండును కలసినపుడు ఫలితము కలిగెను.

సమష్టికి గల రెండవ ముఖము

పాత గ్రామజీవనమును పొగడునపుడు ఒక మాట మరువరాదు. ఆ చెరువుకట్టపై అందరికిని ఒకే స్థానము లేదు. ఊరిబావిలో చేదవేయుటకు హక్కులేనివారు ఆ ఊరిలోనే ఉండిరి. పూడిక తీసిన చేతులే గుక్కెడు నీటికి ఇతరుల దయకై వేచియుండినవి. మనస్తత్వ శాస్త్రజ్ఞుడు హ్యారీ ట్రియాండిస్ సమష్టిభావమును రెండు తెగలుగా విభజించెను. అందరును సమానులుగా కలసియుండునది అడ్డముగా సాగునది; హెచ్చుతగ్గుల మెట్లమీద నిలిచినది నిలువుగా సాగునది. మన గ్రామములలో చాలవరకు ఉన్నది నిలువు సమష్టి.

ఈ కారణముననే రాజ్యాంగ రచనా కాలమున, 1948 నవంబరు 4వ తేదీని, డాక్టరు అంబేద్కరు రాజ్యాంగసభలో ప్రసంగించుచు, చిత్తు రాజ్యాంగము గ్రామమును విడిచి వ్యక్తిని ప్రమాణముగా తీసికొన్నందుకు సంతోషము ప్రకటించెను. 1950లో అమలైన రాజ్యాంగములోని 17వ అధికరణము అస్పృశ్యతను రద్దుచేసెను. ఓటు ఇంటికి కాదు, కులమునకు కాదు, మనుష్యునికి ఇచ్చిరి. ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమానమైన హక్కును ఆంధ్రప్రదేశ్ 1985 నుండి అమలుచేసెను. 2005లో అది దేశమంతటికిని శాసనమయ్యెను. వ్యక్తిహక్కు లేని సమష్టిలో బలహీనుని గొంతు వినబడదు.

మరి సమష్టిప్రధాన దేశములవారు సహజముగానే ఎక్కువ సహకరింతురా? జపాను శాస్త్రజ్ఞుడు తోషియో యమగిషి ప్రయోగశాలలో దీనిని పరీక్షించి 1988లో ఆశ్చర్యకరమైన ఫలితము ప్రకటించెను. పరిచయము లేనివారిని కూర్చి, ఉమ్మడి నిధికి ఎవరెంత ఇత్తురో చూచినపుడు, ఎగవేసినవారికి శిక్ష లేనిచోట జపానువారు అమెరికావారికన్న తక్కువ ఇచ్చిరి. నలుగురి కన్ను ఉన్నపుడు సహకరించుటకు అలవాటుపడినవారు, ఆ కన్ను లేనపుడు వెనుకాడిరి. తిరుముండియపు దీపములు ఇక్కడ జ్ఞాపకమునకు వచ్చును. ఎలినార్ ఆస్ట్రమ్ అను శాస్త్రజ్ఞురాలు లోకములోని ఉమ్మడి చెరువులు, అడవులు, చేపలరేవులు పరిశీలించి 1990లో చెప్పినదియు ఇదియే: హద్దులు తెలిసి, నియమములు వాడుకొనువారే చేసికొని, కావలి వారే పెట్టుకొని, తప్పునకు తగినంత దండన విధించుకొన్నచోట ఉమ్మడి ఆస్తి నిలుచును. 2009లో ఆమెకు అర్థశాస్త్రమున నోబెల్ బహుమతి లభించెను.

తరగతిలో ఒక చిన్న పరీక్ష

ఉపాధ్యాయులు ఈ విషయమును బోధించునపుడు ఒక సులభమైన పరీక్ష చేయవచ్చును. కూన్, మెక్‌పార్ట్‌లాండ్ అను వారు 1954లో దీనిని ప్రవేశపెట్టిరి. విద్యార్థులు కాగితముపై "నేను" అని మొదలుపెట్టి ఇరువది వాక్యములు వ్రాయవలెను, పేర్లు వ్రాయనక్కరలేదు. తరువాత "నేను మా ఇంటికి పెద్దకొడుకును", "నేను తిరుచానూరువాడను" వంటి సంబంధ వాక్యములు ఎన్ని, "నేను పొడవరిని", "నాకు లెక్కలిష్టము" వంటి సొంత లక్షణముల వాక్యములు ఎన్ని అని లెక్కింపవలెను. ఒకే తరగతిలో, ఒకే ఊరివారిలో సైతము ఎంత భేదము కలదో వారికే తెలియును. రెండును లేని కాగితము దాదాపు ఉండదు. దుర్గానంద సిన్హా, ఆర్.సి. త్రిపాఠి అను భారతీయ శాస్త్రజ్ఞులు 1994లో చెప్పినట్లు, మన మనస్సులలో ఈ రెండు భావములును ప్రక్కప్రక్కనే నివసించుచున్నవి. సందర్భమునుబట్టి ఒకటి ముందునకు వచ్చును.

కావున 'మేము సమష్టివారము, వారు వ్యష్టివారు' అని గర్వించుటకుగాని, సిగ్గుపడుటకుగాని తావులేదు. అడుగవలసిన ప్రశ్నలు వేరు. మన ఎదుటనున్న పని ఒక్కరివలన అగునదా, పదిమందివలన అగునదా? పదిమంది పనియైనచో లెక్క చూచువాడెవడు? ఆ పదిమందిలో మాట చెల్లనివాడెవడైన కలడా? బోరులోని నీరు 'నాది' అనుకొన్నంతకాలము అది దిగిపోవుచునే యుండును. 'మాది' అని కొందరే అనుకొన్నచో మిగిలినవారు దాహముతో నిలుతురు. వినువానిని కూడ కలుపుకొను 'మనది' అను మాట తెలుగుభాషలో సిద్ధముగానే కలదు. దానికి తగిన కొలతను, కట్టుబాటును ఏర్పరచుకొనుట మాత్రమే మిగిలిన పని.